మూడో పెట్టె

రాసుకునేదానికి కాయితం లేదు.
బాసుమతి బియ్యం అట్టపెట్టె చింపి
లోపలి తట్టున రాస్తాండా.
జహ్రాలో బాబా ఇల్లు మూడంతస్తులు.
నా మంచం బట్టలుతికే మిషన్ పక్కన.
అది తిరుగుతాంటే పెన్సిలు వణుకుతాది,
అంకెలన్నీ అందుకే వంకర.

ఇరవై ముప్పై. ఆరునూర్ల అడుగుల మోల్డు.
సిమెంటు యాభై ఏడు మూటలంటాడు మేస్త్రి మస్తాను.
యాభై ఎనిమిది రాసినా.
ఏదో ఒక మూట చినిగే తీరుతాది.

రూపాయల్లో చూస్తే గుండె దడ,
దినార్లలో చూస్తే ఇంతేనా అనిపిస్తాది,
రెండూ అబద్ధమే.
నా లెక్క నేను దినాల్లో ఏసుకుంటా.
సిమెంటంటే ఇరవై దినాల రొట్టెలు.
కడ్డీ అంటే నలభై దినాల మచ్బూసు,
శుక్రవారం చుట్టాలొస్తే కడిగే గిన్నెలతో కలిపి.
సెంట్రింగు చెక్కలకు పదిహేడు దినాలు.
అవి మళ్లీ ఊడబెరుక్కొని పోతారు,
అదే నా కడుపుమంట.

ఇసుక రేటడిగితే ఆడబిడ్డ చెన్నమ్మ
వాయిస్ మెసేజీలో నవ్వింది:
"ఏట్లో నిండా ఉండాది వదినా, మనకే లేదు."
ఈడ వాకిలి తీస్తే ఇసుకే.
దుమ్ముగాలి లేస్తే పళ్ల సందుల్లో కరకర.
ఇది మిద్దెకు పనికిరాదంట,
పట్టుకోదంట.

దినారు రేటు ఇంకో రూపాయి లేస్తాదని
వారం ఆగి చూసినా.
లేసింది.
ఆ వారంలోనే కడ్డీ కిలోకు మూడు లేసింది.

మోల్డు పోసే దినం ఇరవైమందికి కూడు.
పొట్టేలు కొయ్యాలంటాడు మస్తాను.
పొట్టేలు కొట్టేసి కోళ్లు రాసినా.
కోళ్లు కొట్టేసి గుడ్లు రాసినా.
తట్టలు మోసే ఆడోళ్లు కండ్లముందు కనపడినారు.
మళ్లీ కోళ్లే రాసినా, పెద్ద అక్షరాల్లో.

తర్వాత ఫ్యాను పెట్టెలు.
మస్తాను రెండంటాడు, నట్టింట్లో ఒకటి, రూములో ఒకటి.
నేను మూడంటి.
"వంటింట్లో ఫ్యాను ఎవురేస్తారక్కా?
పొయ్యి ఆరిపోదా?"
ఫోనులో ఎనకాల ఎవురో నవ్వినారు గూడా.

ఈ ఇంట్లో ఏసీలు పదకొండు.
తుడిచేది నేనే గాబట్టి తెల్సు.
వంటిల్లు పెరట్లో, ఏరేగా ఉండాది,
పన్నెండోది ఆడికి రాలేదు.
జూలై నెలలో గరిటె పట్టుకుంటే చెయ్యి కాలుతాది.
మామా వాకిట్లోనే నిలబడి ఉప్పు చాలిందా అంటాది,
లోపలికి అడుగు పెట్టదు.

"పొయ్యి మండేటప్పుడు ఏయనులే నాయనా" అంటి.
"కుండ దించినాక ఏస్తా.
దించినాక ఒకరవ్వ నిలబడేదానికి."
మస్తాను ఏం మాట్లాడలా.
కాసేపటికి, పైపు గూడా పట్టాలక్కా, దానికేరే, అన్నాడు.
సరే, రాసుకో.

పెట్టె డెబ్బై రూపాయలు. పైపు నూటా ఇరవై.
ముప్పావు దినారు గూడా కాదు.
ఆ కాడికి అట్ట మీద యాడ రాయాలో తెలీలేదు.
మేస్త్రి కింద రాస్తే మేస్త్రిది,
చెన్నమ్మ కింద రాస్తే చెన్నమ్మది.
అంచున, బియ్యం కంపెనీ బొమ్మ పక్కన
సందు చూసి రాసినా.

చెన్నమ్మా, ఇను.
కడ్డీ కట్టడం అయినాక,
కాంక్రీటు ఇంకా పోయకముందు,
నిచ్చెనెక్కి ఫోటో తియ్.
నువ్వు పడబోకు, ఫోను పడినా పర్లేదు.
మూడో పెట్టె నాకు కనపడాల.
పోసినాక తీసే ఫోటోల్లో అందరూ నవ్వుతాంటారు,
కింద ఏముండాదో ఏం లేదో
చెక్కలు ఊడదీసేదాకా తెలీదు.
అప్పుడు తెలిసినా
ఉలి పెట్టి కొట్టనీయను నేను.

మిషన్ నిలిచింది.
బాబా తెల్ల అంగీలు తొమ్మిది,
తడారకముందే దులిపి ఆరెయ్యాల.
అట్ట మంచం కిందికి తోసినా,
అంకెలు కిందికి పెట్టి.